ఐఎస్ఎస్ 29 అని రాశారు, పిల్లాడు కోలుకుంటాడా?

అడిగిన విషయం క్లుప్తంగా ఇది. అక్క కొడుక్కి ఏడేళ్లు, రోడ్డు ప్రమాదంలో దెబ్బలు తగిలి ఐదు రోజులుగా ఐసీయూలో ఉన్నాడు. కేస్ షీట్ మీద "ఐఎస్ఎస్ 29" అని కనపడింది (ఐఎస్ఎస్ అంటే గాయాలు ఎంత తీవ్రమో చెప్పే స్కోరు). నెట్‌లో వెతికితే 15 దాటితే తీవ్ర గాయమనీ, 25 దాటితే ప్రాణాపాయమనీ ఉంది. ఓ ఆన్‌లైన్ కాలిక్యులేటర్‌లో వివరాలు వేస్తే బతికే అవకాశం ఇంత శాతం అని చూపించింది. ఇంట్లో అప్పట్నుంచీ అందరికీ టెన్షన్. ఆ స్కోరును నమ్మొచ్చా, పిల్లాడు మళ్లీ మునుపటిలా అవుతాడో లేదో అది చెప్పగలదా అని ప్రశ్న.

ముందు జవాబు చెప్పేస్తాను. మీ ఒక్క పిల్లాడి సంగతి ఐఎస్ఎస్ చెప్పలేదు. వెయ్యిమంది గాయపడిన పిల్లల్ని తీసుకుంటే వాళ్లలో ఎంతమంది దక్కుతారో అది బాగానే అంచనా వేస్తుంది. ఏ ఒక్కరు దక్కుతారో చెప్పడానికి దాన్ని తయారుచేయలేదు. పైగా అది మొదటిరోజు తగిలిన దెబ్బల లెక్క. ఐదో రోజున ఉన్న పిల్లాడి గురించి తెలుసుకోవాలంటే, ఇవాళ పొద్దున నర్సు పేరు పెట్టి పిలిస్తే కళ్లు తెరిచాడా, "నా వేలు పట్టుకో" అంటే పట్టుకున్నాడా అని అడగండి. ఆ జవాబు 29 అనే అంకె కంటే చాలా ఎక్కువ చెబుతుంది.

నేను పిల్లల సర్జన్ని. ఇరవై ఏళ్లకు పైగా ఈ పనిలోనే ఉన్నాను. అందులో కొన్నేళ్లు మా ట్రామా రిజిస్టర్‌లో (గాయాలతో వచ్చినవాళ్ల వివరాలు నమోదు చేసేది) స్కోర్లు వేసే పని కూడా నా నెత్తినే పడింది, కాబట్టి ఆ అంకె ఎలా పుడుతుందో దగ్గర్నుంచి చూశాను. ఎలా పుడుతుందో తెలిస్తే మీ భయం సగం తగ్గొచ్చు. లేదా, నిజాయితీగా చెప్పాలంటే, పెరగనూ వచ్చు. అది ఆ 29 లోపల ఏముందన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఒంటిని ఆరు భాగాలుగా చూస్తారు: తల-మెడ, ముఖం, ఛాతీ, పొట్ట, కాళ్లూ చేతులూ (కటి ఎముకలు కూడా ఇందులోకే వస్తాయి), చర్మం. ప్రతి గాయానికీ ఏఐఎస్ అనే జాబితా ప్రకారం 1 నుంచి 6 దాకా ఒక అంకె వేస్తారు. 1 అంటే గీసుకుపోయిన దెబ్బ, 5 అంటే ప్రాణం మీదికొచ్చేది, 6 అంటే ఇక ఆశ లేనిది. ఎక్కువ దెబ్బతిన్న మూడు భాగాల్ని తీసుకుని, ఒక్కోదాంట్లో అన్నిటికంటే పెద్ద అంకెను వర్గం చేసి (అంటే దాన్ని దాంతోనే గుణించి), మూడూ కలుపుతారు. అదే ఐఎస్ఎస్. 1974లో సూసన్ బేకర్ అనే అమెరికా పరిశోధకురాలు, ఆమె సహచరులు దీన్ని ప్రకటించారు. అత్యధికం 75. ఎక్కడైనా ఒక్క 6 ఉంటే మిగతావాటితో పనిలేకుండా 75 వేసేస్తారు.

ఇప్పుడు మీ 29 దగ్గరికి వద్దాం. మూడు వర్గాల మొత్తం 29 కావడానికి రెండే దారులున్నాయి. 25, 4, 0 ఒకటి. అంటే ఒక భాగంలో 5, ఇంకో భాగంలో 2. రెండోది 16, 9, 4. అంటే 4, 3, 2. కావాలంటే కాగితం మీద వేసి చూడండి, మూడో దారి దొరకదు.

ఈ రెండు దారుల్లో ఇద్దరు పిల్లల్ని ఊహించండి. మొదటివాడికి తలలో 5, ముంజేతి ఎముక విరిగి 2. రెండోవాడికి ప్లీహం (స్ప్లీన్) బాగా చీలి పొట్టలో 4, తొడ ఎముక విరిగి 3, కాసేపు స్పృహ తప్పినందుకు తలకి 2. ఇద్దరి ఫైలు మీదా 29 అనే ఉంటుంది. రెండోవాడు, నా అనుభవంలో, మొదటి రెండు మూడు రోజులు బీపీ, నాడి నిలకడగా ఉంటే దాదాపు ఎప్పుడూ నడుచుకుంటూ ఇంటికి పోతాడు. పిల్లల్లో ప్లీహానికి తగిలిన దెబ్బలు పదిలో తొమ్మిదికి పైగా ఆపరేషన్ లేకుండానే మానతాయి. తొడ ఎముక వారాల్లో అతుక్కుంటుంది. మొదటివాడి విషయంలో మాత్రం నేను ఇంట్లోవాళ్లకి మాట ఇవ్వడానికి వెనకాడతాను.

కాబట్టి మీరు డాక్టర్‌ని అడగాల్సింది "29 అంటే ఎంత ప్రమాదం?" అని కాదు. "ఆ 29లో తల వాటా ఎంత?" అని అడగండి. గాయపడిన పిల్లల్లో చావైనా, మిగిలిపోయే లోపమైనా ఎక్కువగా తల గాయం వల్లే. మిగతా ఒళ్లు చిన్న వయసులో ఆశ్చర్యపోయేంతగా మానుతుంది. ఐఎస్ఎస్ మాత్రం తలలో 5కీ పొట్టలో 5కీ తేడా చూడదు. రెండూ దానికి 25 మార్కులే.

ఇంకా చిత్రం ఏంటంటే, తలలో 5 అన్నా కూడా ఒకటే జబ్బు కాదు. పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్య పెద్ద రక్తపు గడ్డ కడితే 5 పడొచ్చు. మెదడు లోపలి నరాల తీగలన్నీ ఒక్కసారిగా లాగేసినట్టు దెబ్బతిని, రోజుల తరబడి కోమాలో ఉన్నా 5 పడొచ్చు. మొదటిదాన్ని సమయానికి తీసేస్తే మెదడు అడుగున చెక్కు చెదరకుండా ఉండొచ్చు. మెట్ల మీంచి పడిన ఒక తొమ్మిదేళ్ల పిల్లని అర్ధరాత్రి థియేటర్‌కి తీసుకెళ్లారు. తల ఆపరేషన్ న్యూరోసర్జన్ చేశాడు, నేను పొట్ట చూడ్డానికి పక్కన ఉన్నాను. మూడో రోజుకి వాళ్లమ్మతో జడ సరిగ్గా వేయలేదని గొడవపడింది (ఆపరేషన్ కోసం సగం జుట్టు తీసేశామని దానికింకా ఎవరూ చెప్పలేదు). ఆ పిల్ల స్కోరు, అదే నెలలో వచ్చి రెండు నెలలు మాట్లాడని ఒక పిల్లాడి స్కోరు, రిజిస్టర్‌లో పక్కపక్క వరసల్లో ఒకే అంకెగా ఉన్నాయి. వేసింది నేనే. నిబంధనల ప్రకారం రెండూ సరైనవే.

ఇక నెట్‌లో చూసిన "15 దాటితే, 25 దాటితే" సంగతి. 15 దాటితే తీవ్ర గాయం అన్న గీత పెద్దవాళ్ల లెక్కల్లోంచి వచ్చింది. అదే స్కోరుతో పెద్దవాళ్లకంటే పిల్లలు ఎక్కువగా బతుకుతారు. గుండె కొత్తది, షుగరు, బీపీ లాంటి పాత జబ్బులు ఉండవు. అందుకే 2017లో అమెరికా సమాచారం మీద వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ, పిల్లల్లో తీవ్ర గాయం అనడానికి 25 పైన గీత పెడితే సరిపోతుందని వాదించింది. నాకూ అదే సబబు అనిపిస్తుంది. మీవాడి 29 ఆ గీతకీ కొంచెం పైనే ఉంది. అంటే తేలిగ్గా తీసుకోవాల్సిన గాయం కాదు, ఐసీయూలో ఉండాల్సిన పిల్లాడే. కానీ "గీత దాటాడు" అనడానికీ "పోతాడు" అనడానికీ మధ్య చాలా దూరం ఉంది. ఆ గీత ఆసుపత్రులు తమ పనిని పోల్చుకోడానికి గీసుకున్నది.

(మీరు లెక్కలవాళ్లలా ఉన్నారు కాబట్టి ఒక సరదా విషయం. ఐఎస్ఎస్ ఎప్పటికీ 15 కాదు. 7, 23, 28 కూడా కావు. మూడు వర్గాల మొత్తంగా ఆ సంఖ్యలు రావు. ఒకసారి ఒక పీజీ విద్యార్థి థీసిస్ పట్టికలో "ఐఎస్ఎస్ 15: నలుగురు" అని కనపడింది. ఆ నలుగురి ఫైళ్లూ మళ్లీ తీయించాను. అన్నీ తప్పే.)

ఇప్పుడు ఆ కాలిక్యులేటర్. మీరు వాడింది ట్రిస్ అనే పద్ధతి అయ్యుంటుంది. ఐఎస్ఎస్‌తో పాటు, ఆసుపత్రికి వచ్చిన క్షణంలో స్పృహ ఎంత, పై బీపీ ఎంత, నిమిషానికి ఊపిరి ఎన్నిసార్లు అన్నవి అడుగుతుంది. స్పృహకి జీసీఎస్ అనే స్కోరు వాడతారు, 3 నుంచి 15 దాకా. ఇక్కడ మిమ్మల్ని ఒకటి అడగాలి. జీసీఎస్ గడిలో ఏం వేశారు? నోట్లో గొట్టం పెట్టి, నిద్రమందు ఎక్కిస్తున్న పిల్లాడి షీటు మీద 3 అనో, పక్కన గొట్టం ఉందని చెప్పే టీ అక్షరంతోనో ఉంటుంది. అది మందు తెచ్చిన 3, మెదడు తెచ్చింది కాదు. దాన్ని కాలిక్యులేటర్‌లో వేస్తే మహా ఘోరమైన శాతం వస్తుంది. మత్తుమందుకి ముందు, ప్రాథమిక చికిత్స అయ్యాక చూసిన జీసీఎస్సే లెక్కలోకి రావాలి. అందులోనూ చేతులు కాళ్లు కదిపే భాగానికి, అంటే మోటార్ స్కోరుకి, నేను ఎక్కువ విలువ ఇస్తాను. నొప్పి కలిగిస్తే ఆ చోటికి చెయ్యి తెచ్చి తోసేసిన పిల్లాడికీ, ఒళ్లంతా బిగదీసుకున్న పిల్లాడికీ మధ్య పెద్ద లోయ ఉంది.

ట్రిస్‌కి చిన్నపిల్లలతో ఇంకో చిక్కుంది. స్పృహకీ, బీపీకీ, ఊపిరికీ మార్కులు వేయడానికి అందులో వాడే ఆర్‌టీఎస్ లెక్క ప్రకారం ఊపిరి నిమిషానికి 10 నుంచి 29 మధ్య ఉంటేనే పూర్తి మార్కులు, పై బీపీ 89 దాటితేనే పూర్తి మార్కులు. ఆరు నెలల పసిబిడ్డ హాయిగా పాలు తాగి పడుకున్నప్పుడు కూడా ఊపిరి నలభై, బీపీ ఎనభై అయిదు ఉండొచ్చు. ఏ దెబ్బా తగలకుండానే ఆ బిడ్డ రెండు చోట్ల మార్కులు పోగొట్టుకుంటుంది! ఏడేళ్లవాడికి ఈ ఇబ్బంది తక్కువే, కానీ రెండేళ్లలోపు పిల్లల విషయంలో ఆ శాతాన్ని నేను పట్టించుకోను.

బీపీ గురించి ఇంకో మాట, ఎందుకంటే పిల్లల్లో నన్ను ఎక్కువగా మోసం చేసింది ఇదే. పిల్లల ఒంట్లో రక్తం కిలోకి సుమారు 80 మిల్లీలీటర్లు. మీవాడు 22 కిలోలు అనుకుంటే మొత్తం పావు తక్కువ రెండు లీటర్లే. అందులో పావు వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పోయినా రక్తనాళాలు బిగించుకుని బీపీని నిలబెట్టేస్తారు. తర్వాత ఒక్కసారిగా కూలిపోతారు. నేను కొత్తగా పనిలో చేరిన రోజుల్లో ఎనిమిదేళ్ల పిల్లాడొకడు బీపీ 100తో వచ్చాడు. బాగానే ఉన్నాడనుకున్నాను. నాడి 140 కొడుతోంది, ఏడుపు వల్ల అనుకున్నాను. గంటన్నరలో ఆపరేషన్ బల్ల మీద ఉన్నాడు. బతికాడు. నా తెలివి వల్ల కాదు, పక్కనున్న సీనియర్ నర్సు వాడి పాదాలు పట్టుకుని "సార్, చల్లగా ఉన్నాయి" అన్నందువల్ల. ఇప్పుడైతే నాడిని బీపీతో భాగించి చూస్తాం. దాన్ని పిల్లల షాక్ ఇండెక్స్ అంటారు. నాలుగు నుంచి ఆరేళ్ల వాళ్లకి 1.22, ఏడు నుంచి పన్నెండేళ్ల వాళ్లకి 1.0, పదమూడు నుంచి పదహారేళ్ల వాళ్లకి 0.9 దాటితే జాగ్రత్త పడాలి. ఆ పిల్లాడిది 1.4. సీటీ తీయకముందే, ఐఎస్ఎస్ వేయకముందే, ఆ భాగహారం విషయం చెప్పేసేది.

నిజానికి ఐఎస్ఎస్‌కి ఉన్న అసలు లోటు అదే. గాయాలన్నీ తెలిశాకే అది తయారవుతుంది. సీటీ అవ్వాలి, ఆపరేషన్ చేస్తే అందులో చూసింది రాయాలి. ఖచ్చితమైన స్కోరు చాలాసార్లు డిశ్చార్జ్ అయ్యాకే వేస్తారు. మీవాడి ఫైలు మీదున్న 29 తాత్కాలికం అయ్యుండొచ్చు, రేపు మారొచ్చు కూడా. ఎమర్జెన్సీ తలుపు దగ్గర నిలబడి నిర్ణయం తీసుకునేవాళ్లకి అది పనికిరాదు.

అక్కడ పనికొచ్చేవి వేరే ఉన్నాయి. 1987లో వచ్చిన పీటీఎస్ అనే స్కోరు పిల్లల కోసమే చేసింది. బరువు, ఊపిరి దారి, బీపీ, స్పృహ, తెరిచిన గాయాలు, ఎముకలు, ఈ ఆరింటికీ +2, +1 లేదా -1 వేస్తారు. మొత్తం 8 లేదా అంతకంటే తక్కువైతే పెద్ద ట్రామా కేంద్రానికి పంపాలన్నది మోటు సూత్రం. పది కిలోల లోపు బిడ్డకి బరువు దగ్గరే -1 పడుతుంది. చిన్న ఒళ్లు అంటేనే ముప్పు అని అది గుర్తించింది. పంపించడానికి మంచిదే. ఎవరు బతుకుతారో చెప్పడానికి దాన్ని నేను వాడను.

చావు బతుకుల అంచనాకి పిల్లల్లో నాకు నచ్చింది బిగ్ స్కోరు. 2011లో వచ్చింది. సైనిక ఆసుపత్రులకు వచ్చిన పిల్లల సమాచారంతో తయారై, జర్మనీ ట్రామా రిజిస్టర్ మీద సరిచూసుకున్నది. మూడే కావాలి: రక్తంలో ఆమ్లం ఎంత పెరిగిందో చెప్పే బేస్ డెఫిసిట్, రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్ఆర్, జీసీఎస్. బేస్ డెఫిసిట్‌కి 2.5 రెట్ల ఐఎన్ఆర్ కలిపి, 15 లోంచి జీసీఎస్ తీసేయగా వచ్చింది కూడా కలపాలి. ఉదాహరణకి బేస్ డెఫిసిట్ 6, ఐఎన్ఆర్ 1.2, జీసీఎస్ 8 అయితే 6+3+7, మొత్తం 16. దాని సూత్రం ప్రకారం అలాంటి పిల్లల్లో సుమారు 12 శాతం మంది పోతారు. 26 అయితే సగానికి సగం. ఇందులో ఎముకలూ ప్లీహాలూ ఎక్కడా లేవు చూడండి. దెబ్బ ఎక్కడ తగిలిందని కాక, ఆ దెబ్బని ఒళ్లు ఎలా తట్టుకుంటోందని అడుగుతుంది. మొదటి గంటలోనే వేసెయ్యొచ్చు. దీనికీ పరిమితి ఉంది. అది ఆసుపత్రికి వచ్చినప్పటి రక్తపరీక్షలతో వేసేది. ఐదో రోజు రిపోర్టులు అందులో వేసి మళ్లీ కొత్త భయం తెచ్చుకోకండి.

ఎన్ఐఎస్ఎస్ అని ఇంకోటి కనపడొచ్చు. అది ఒంటి భాగాల పట్టింపు లేకుండా అన్నిటికంటే పెద్ద మూడు గాయాల్నీ లెక్కేస్తుంది. తలలోనే 5, 4, 3 ఉన్న పిల్లాడికి ఐఎస్ఎస్ 25 దగ్గరే ఆగిపోతుంది, ఎన్ఐఎస్ఎస్ 50 అవుతుంది. తల ఒక్కటే బాగా దెబ్బతిన్న పిల్లల విషయంలో 50 నిజానికి దగ్గర.

ఏ గాయాల స్కోరూ పనికిరాని చోట్లు కూడా ఉన్నాయి. నీళ్లలో మునిగిన పిల్లలు, మెడకి ఏదో చుట్టుకుని ఊపిరాడని పిల్లలు. అక్కడ సీటీలో చూపించడానికి గాయమే ఉండకపోవచ్చు, మెదడు మాత్రం ఆక్సిజన్ లేక దెబ్బతిని ఉంటుంది. కాలిన గాయాలకి ఒళ్లు ఎంత శాతం కాలిందన్న లెక్కే ముఖ్యం. రెండేళ్లలోపు బిడ్డలకి ఎవరో కావాలని చేసిన తల గాయాలు, అవే అంకెలున్నా, ప్రమాదాల్లో తగిలినవాటికంటే ఘోరంగా ముగుస్తాయి. ఆలస్యంగా తెస్తారు, అంతకుముందు తగిలిన దెబ్బలూ ఉంటాయి.

మీ రెండో ప్రశ్నకి వస్తాను: మునుపటిలా అవుతాడా? ఇక్కడ ఐఎస్ఎస్ ఇంకా బలహీనం. దాన్ని కట్టిందే చావు బతుకుల చుట్టూ. యంత్రంలో చెయ్యి పడి వేళ్లు నలిగిపోయిన ఒక పన్నెండేళ్ల పిల్లాడి స్కోరు రెండంకెలకు కూడా చేరలేదు. బొమ్మలు బాగా వేసేవాడు. ఆ తర్వాత మూడేళ్లు వాడితో, వాళ్ల ఇంటితో ఏం జరిగిందో చూసినవాణ్ని కాబట్టి "చిన్న గాయం" అనే మాట నా నోట రాదు. అటు 34 స్కోరుతో, ఛాతీ, పొట్ట, కాలు దెబ్బతిని వచ్చిన అమ్మాయి ఏడాది తిరిగేసరికి పరుగుపందెంలో ఉంది.

తల గాయం ఉంటే నేను చూసే గుర్తు ఒకటుంది. చెప్పిన మాట విని చేయడం ఎన్నో రోజున మొదలైంది? "నాలుక చూపించు", "రెండు వేళ్లు ఎత్తు" లాంటివి. మొదటి కొద్ది రోజుల్లోనే మొదలైతే నేను లోలోపల ఊపిరి పీల్చుకుంటాను. వారాలు పడితే ఇంట్లోవాళ్లని కూచోబెట్టి సుదీర్ఘమైన దారి గురించి మాట్లాడతాను. మత్తుమందు ఇస్తున్నన్నాళ్లూ ఇది తెలియదు. అందుకే "మందు ఎప్పుడు తగ్గిస్తారు, తగ్గించినప్పుడు ఏం చేశాడు?" అని రోజూ అడగండి. కనుపాపలు వెలుతురుకి రెండూ స్పందిస్తున్నాయా అని కూడా అడగండి. ఈ ప్రశ్నలకి ఏ డాక్టరూ విసుక్కోడు. శాతాలు అడిగితే మాత్రం విసుక్కుంటాం. మా దగ్గరా ఉండవు కాబట్టి.

ఇంకో విషయం ఎవరూ ముందుగా చెప్పరు. పిల్లాడు చక్కగా నడుచుకుంటూ ఇంటికొచ్చాడు కదా అని తల సంగతి వదిలెయ్యకండి. రెండు మూడు నెలలయ్యాక బడికి పోతుంటే పాఠం మీద మనసు నిలవకపోవడం, ఊరికే కోపం రావడం, తొందరగా అలసిపోవడం కనపడొచ్చు. అలాంటివి చూస్తే పిల్లల న్యూరాలజిస్టు దగ్గరికో, తల గాయాల తర్వాత జ్ఞాపకశక్తి, ఏకాగ్రత పరీక్షించే సైకాలజిస్టు దగ్గరికో తీసుకెళ్లండి. టీచరుకి కూడా జరిగింది చెప్పండి, లేకపోతే బద్ధకం అనుకుంటారు. రాత్రిపూట ఉలిక్కిపడి లేవడం, బండి ఎక్కనని ఏడవడం కూడా ఉంటాయి. గాయం ఎంత పెద్దదన్న దానికీ ఈ భయం ఎంతన్న దానికీ లంకె చాలా తక్కువ. కంటి ముందు అమ్మానాన్నలు ఎంత కంగారుగా ఉన్నారన్న దానితో ఎక్కువ లంకె ఉంటుంది. అందుకే ఆ కాలిక్యులేటర్ చూపించిన శాతాన్ని మీ అక్కకి ఇంకా చెప్పకపోయుంటే, చెప్పకండి. రేపు రౌండ్స్ అప్పుడు డాక్టర్‌ని పట్టుకుని ఆ 29 అయిదూ రెండా, లేక నాలుగూ మూడూ రెండా, అందులో తలది ఏది, మత్తుకి ముందు జీసీఎస్ ఎంత అని అడిగి, ఆ జవాబే మీ అక్కకి చెప్పండి.